కబేళా నుంచి చికెన్ సెంటర్ దాకా: మాంసంలో బ్యాక్టీరియాను అడ్డుకునే విధానం మీ ఊళ్లో తయారు చేసుకోవడం ఎలా?

ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకి ఓ చికెన్ సెంటర్ పక్కన నిలబడ్డాను. కొనడానికి కాదు, చూడటానికి. ఈకలు తీసే మిషన్‌లోంచి వచ్చిన కోడిని కుర్రాడు నీలం డ్రమ్ములో ఒక్కసారి ముంచి తీసి మొద్దు మీద పడేస్తున్నాడు. అప్పటికి డ్రమ్ములో నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఎనిమిదిన్నరకి ఎర్రగా చిక్కబడ్డాయి, పైన ఈకలు, కొవ్వు తేలుతున్నాయి. అవే నీళ్లు, అదే ముంచడం. "నీళ్లు ఎప్పుడు మారుస్తావు తమ్ముడూ?" అని అడిగితే "అడుక్కి వచ్చినప్పుడు సార్" అన్నాడు.

కుర్రాడి తప్పేమీ లేదు. ఆ షాపుకి కుళాయి లేదు. నీళ్లు రోజు విడిచి రోజు ట్యాంకర్‌లో వస్తాయి. మొదటి పది కోళ్లలో ఒక్కదాని పేగులో సాల్మొనెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియా ఉన్నా చాలు, ఆ డ్రమ్ము దాన్ని తర్వాత వచ్చే కోళ్లన్నిటికీ అంటిస్తుంది. అక్కడ మాంసాన్ని కడగడం లేదు, బ్యాక్టీరియాను పంచుతున్నారు. ఈ డ్రమ్మును షాపు యజమాని మీద కేసు పెట్టి తీయించలేం. కుళాయి ఇచ్చి, తర్వాత అడగాలి. పబ్లిక్ పాలసీ అనే పెద్ద మాటకి ఈ విషయంలో అర్థం ఇంతే.

ఈ మార్గదర్శి వార్డు సభ్యులకి, మున్సిపల్ సిబ్బందికి, కాలనీ సంఘాల వాళ్లకి, ఊరి సంగతులు రాసే విలేకరులకి. చట్టాలు చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఏ వరసలో వాడుకోవాలన్నదే ఇక్కడ చెప్తున్నాను. నా పక్షపాతం కూడా ముందే చెప్పేస్తాను: దాడుల మీద నాకు నమ్మకం లేదు. పండగ ముందు నాలుగు షాపుల్లో తనిఖీ, పేపర్లో ఫొటో, వారం తిరిగేసరికి మళ్లీ అదే డ్రమ్ము. పనిచేసేది రోజూ రాసుకునే లెక్క.

ముందు తెలుసుకోవాల్సింది: అంటడం వేరు, పెరగడం వేరు

ఆరోగ్యంగా ఉన్న గొర్రె కండ లోపల బ్యాక్టీరియా దాదాపు ఉండదు. ఉండేది పేగుల్లో, చర్మం మీద, ఉన్నిలో, గిట్టల్లో. కోడికైతే ఈకల్లో, కాళ్లకి. కోసేటప్పుడు అక్కడి నుంచి కత్తి, చెయ్యి, నీళ్లు, మొద్దు ద్వారా మాంసం మీదకి చేరుతుంది. ఇది అంటడం. తర్వాత వేడిలో ఉంచితే సంఖ్య పెరుగుతుంది. అనుకూలమైన వేడిలో, పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఉదయం ఆరింటికి ఒక్కటి ఉంటే మధ్యాహ్నం పన్నెండుకి 2.6 లక్షలు దాటుతుంది. మే నెలలో మన ఊళ్లలో షాపు ముందు వేలాడదీసిన మాంసానికి అంతకంటే అనుకూలమైన వేడి ఇంకెక్కడ దొరుకుతుంది?

అన్నీ ఇలాగే ప్రవర్తించవు. కోళ్లలో ఉండే క్యాంపిలోబ్యాక్టర్‌కి కోడి ఒంటి వేడి, అంటే 42 డిగ్రీల దాకా ఉంటే ఇష్టం. బయట మామూలు వేడిలో అది పెద్దగా పెరగదు. కానీ కొద్దిగా ఒంట్లోకి పోయినా జబ్బు చేస్తుంది, కాబట్టి దాన్ని అంటకుండానే ఆపాలి. లిస్టీరియా ఇంకో రకం, ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది. అందుకే 'ఫ్రిజ్ కొనిపించాం, పనైపోయింది' అనుకునే విధానం సగం విధానమే.

ఖీమా సంగతి విడిగా చెప్పాలి. ముక్కకి బ్యాక్టీరియా పైనే ఉంటుంది, వండితే చచ్చిపోతుంది. ఖీమా కొడితే పైనున్నది లోపలికి పోతుంది. ఈ పాఠాన్ని అమెరికా చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1992-93లో జాక్ ఇన్ ద బాక్స్ హోటళ్లలో సరిగ్గా ఉడకని బీఫ్ బర్గర్లు తిని 700 మందికి పైగా ఈ.కోలైలో ప్రమాదకరమైన రకం ఓ157:హెచ్7 బారిన పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. అప్పటిదాకా అక్కడి ఇన్‌స్పెక్టర్లు ప్రధానంగా కంటితో చూసి, చేత్తో నొక్కి, వాసన చూసి ముద్ర వేసేవాళ్లు. బ్యాక్టీరియా కంటికి కనపడదు కదా! 1994లో ఖీమా చేసిన బీఫ్‌లో ఆ ఈ.కోలై ఉంటే దాన్ని కల్తీగానే లెక్కిస్తామని ప్రకటించారు. 1996లో ప్రతి ప్లాంటూ ఎక్కడ ప్రమాదం ఉందో ముందే గుర్తించి, అక్కడ కొలిచి, రాసిపెట్టాలనే నియమం తెచ్చారు. దీన్నే హాసప్ అంటారు.

మన దగ్గర తనిఖీ చాలాచోట్ల ఇంకా ఆ కన్ను, ముక్కు దశలోనే ఉంది.

మొదటి అడుగు: ఎవరు, ఎక్కడ, ఎన్ని కోస్తున్నారో జాబితా

మీ పట్టణంలో రోజుకి ఎన్ని గొర్రెలు, మేకలు, కోళ్లు కోస్తున్నారో అడగండి. చాలా మున్సిపాలిటీల్లో సమాధానం ఉండదు. ట్రేడ్ లైసెన్సు జాబితా ఒకరి దగ్గర, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ జాబితా ఇంకొకరి దగ్గర ఉంటాయి, రెండూ కలవవు. కలపండి.

కేంద్ర ఆహార భద్రత నియమాల ప్రకారం రోజుకి 2 పెద్ద పశువులు, లేదా 10 చిన్న జీవాలు, లేదా 50 కోళ్లు మించకుండా కోసేవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చాలు. అంతకు మించి 50 పెద్ద పశువులు, 150 చిన్న జీవాలు, 1000 కోళ్ల దాకా అయితే రాష్ట్ర లైసెన్సు కావాలి. ఆపైన కేంద్ర లైసెన్సు. కాస్త నడిచే చికెన్ సెంటర్ ఏదైనా ఆదివారం యాభై కోళ్లు సునాయాసంగా దాటుతుంది. రిజిస్ట్రేషన్ కాగితం గోడకి తగిలించి, రోజుకి నాలుగు వందల కోళ్లు కోసే షాపులు జాబితాలో బయటపడతాయి. వెంటనే జరిమానా వేయకండి. మూడు నెలలు గడువిచ్చి సరైన కాగితంలోకి మార్పించండి. మొదటిరోజే భయపెడితే రెండోరోజు నుంచి మీకు ఎవరూ నిజమైన సంఖ్య చెప్పరు.

రెండో అడుగు: చోటు, నీళ్లు, కాలువ

రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థల పనుల జాబితా ఉంది. చిట్టచివరి 18వ అంశం కబేళాలు, తోళ్ల శుద్ధి కేంద్రాల నియంత్రణ. జాబితాలో చివర ఉన్నట్టే బడ్జెట్‌లోనూ చివరికే ఉంటుంది. ఆ అంశాన్ని చూపించి కౌన్సిల్‌లో నిధులు అడగండి.

ఏం కట్టాలి? హంగులున్న భవనం అక్కర్లేదు. జీవం నేల మీద పడకుండా వేలాడదీసే కొక్కేలు, రెయిలు. వాలుగా ఉండి కడిగితే నీళ్లు నిలవని గచ్చు. నిత్యం పారే కుళాయి. రక్తం, పేడ కలవకుండా వేర్వేరు కాలువలు. బోటి కడిగే గది మాంసం గదికి దూరంగా. కత్తులు ముంచడానికి వేడినీళ్లు. ఈగలు రాకుండా జాలీ. పనివాళ్లకి సబ్బు, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి. చివరి రెండూ ప్లాన్‌లో మర్చిపోతారు, నేను చూసిన రెండు చోట్ల మర్చిపోయారు.

కోళ్లకైతే ప్రతి షాపులోనూ కోయడం మాన్పించి, నాలుగైదు వార్డులకి ఒక కోత కేంద్రం పెట్టి, షాపుల్లో అమ్మకం మాత్రం ఉంచడం మంచి మార్గం. కానీ 'కళ్ల ముందు కోస్తేనే కొంటాం' అనే కొనుగోలుదారు ఉన్నంతకాలం అది ఒక్కరోజులో జరగదు. అందాకా షాపులకి కుళాయి కనెక్షన్ ఇప్పించండి. డ్రమ్ము బదులు పారే నీళ్లు వచ్చినా తేడా పెద్దదే.

డ్రమ్ములో బ్లీచింగ్ వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. రక్తం, కొవ్వు కలిసిన నీళ్లలో క్లోరిన్ బలం త్వరగా పడిపోతుంది. వాసన మాత్రం మిగులుతుంది, దాంతో శుభ్రంగా ఉందన్న భ్రమ కూడా.

మూడో అడుగు: పశువైద్యుడి సమయానికి లెక్క

2001 నాటి కబేళా నియమాల ప్రకారం కోతకి ముందు ప్రతి జీవాన్నీ పశువైద్యుడు పరీక్షించి, కోతకి పనికొస్తుందని ధ్రువీకరించాలి. ఒక వైద్యుడు గంటకి 12, రోజుకి 96కి మించి పరీక్షించకూడదు. ఈ సంఖ్య మీకు ఆయుధం లాంటిది. రోజుకి మూడు వందల గొర్రెలు కోసే చోట ఒకే వైద్యుడి సంతకం ఉంటే, ఎవరూ ఏమీ చెప్పకుండానే లెక్క దానంతట అదే చెప్తుంది. నియామకాల కోసం ప్రభుత్వానికి రాసే ఉత్తరంలో ఈ భాగహారం పెట్టండి.

కోసిన తర్వాత కూడా కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులు చూడాలి. పనికిరాదన్న దాన్ని ఏం చేశారో రాయాలి. ఏడాది మొత్తం రిజిస్టర్‌లో ఒక్కటి కూడా పనికిరానిది లేదంటే జీవాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని అనుకోకండి.

నాలుగో అడుగు: లోపలి నియమాలు, తక్కువగా, అమలయ్యేలా

నలభై నియమాల పుస్తకం ఇస్తే గోడకి వేలాడుతుంది. ఆరు చాలు, తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో:

పేగు రెండు చివరలా ముడివేయాలి, పొట్ట చిరగకుండా తీయాలి. చిరిగితే ఆ భాగం కోసి పారేయాలి, నీళ్లతో కడగకూడదు. కడిగితే పేడ ఒక చోటి నుంచి ఒళ్లంతా పాకుతుంది.

తోలు పట్టుకున్న చెయ్యి మాంసాన్ని ముట్టుకోకూడదు. తోలు ఒకరు పడితే కత్తి ఇంకొకరిది.

మనిషికి రెండు కత్తులు. ఒకటి వాడుతుంటే ఇంకొకటి 82 డిగ్రీల వేడినీళ్లలో.

నేల మీద పడిన ముక్క అమ్మకానికి పోదు.

విరేచనాలు, వాంతులు, చేతికి చీము పుండు ఉన్నవాళ్లు ఆ రోజు మాంసం పనికి రాకూడదు. వాళ్ల కూలీ మాత్రం కోయకూడదు. ఇది రాయకపోతే పై వాక్యం అబద్ధం అవుతుంది. రోజు కూలీ పోతుందంటే ఎవరు మాత్రం నాకు విరేచనాలని చెప్తారు?

పచ్చి మాంసానికి వాడిన మిషన్, బల్ల, కత్తి వండిన దానికి వాడకూడదు. దీనికి ఉదాహరణ 2005లో బ్రిటన్‌లోని సౌత్ వేల్స్. స్కూళ్లకి మాంసం సరఫరా చేసే ఒక వ్యాపారి పచ్చి మాంసానికీ వండిన మాంసానికీ ఒకే వాక్యూమ్ ప్యాకింగ్ మిషన్ వాడాడు. ఈ.కోలైతో 157 మంది జబ్బుపడ్డారు, అయిదేళ్ల బాబు చనిపోయాడు. ఆ షాపుని అంతకుముందు తనిఖీ చేయలేదా? చేశారు. కానీ ఆ తప్పు ఆగలేదు. మన ఊళ్లలో దీనికి సమానం పక్కపక్కనే ఉండే చికెన్ కౌంటరూ పకోడీ బాణలీ. రెండింటికీ ఒకే పళ్లెం, ఒకే చెయ్యి.

మొద్దు గురించి ఒక్క మాట. చింత మొద్దు గట్టిది, కానీ ఏళ్ల తరబడి దెబ్బలు పడి మధ్యలో గుంట పడుతుంది, పగుళ్లలో మాంసం ఇరుక్కుంటుంది. రాత్రి గోనెసంచి కప్పి వెళ్లిపోతారు. రోజూ గీకి, వేడినీళ్లు పోసి, ఎండకి ఆరబెట్టాలని రాయండి. పగుళ్లు పడితే మార్చాల్సిందే. వ్యాపారులకి మొద్దు మీద మమకారం ఉంటుంది, వాదిస్తారు. ఓపిక పట్టండి.

అయిదో అడుగు: కొలవడం

అసలు విధానం ఇక్కడే ఉంది. మిగతావన్నీ చేసి ఇది వదిలేస్తే బాగుపడిందో లేదో ఎవరికీ తెలీదు.

న్యూజిలాండ్ కథ చూడండి. 2006లో ఆ దేశంలో క్యాంపిలోబ్యాక్టర్ కేసులు 15 వేలు దాటాయి. జనాభా అప్పటికి దాదాపు 42 లక్షలే. అభివృద్ధి చెందిన దేశాల్లో అంత దారుణమైన రేటు మరెక్కడా లేదు. అక్కడి ప్రభుత్వం జనాన్ని 'బాగా ఉడికించుకోండి' అని ఊరుకోలేదు. కోడి ప్లాంట్లలో కోసి శుభ్రం చేసిన కోడి మీద ఎంత బ్యాక్టీరియా ఉండొచ్చో పరిమితి పెట్టింది. ప్లాంట్లు క్రమం తప్పకుండా పరీక్షించి ఆ అంకెలను అందరికీ ఉమ్మడిగా ఉన్న డేటాబేస్‌కి పంపాలి. పరిమితి దాటితే ముందు సరిదిద్దుకోవడం, మళ్లీ మళ్లీ దాటితే కఠిన చర్య. 2008 నాటికి కేసులు సగానికి పైగా తగ్గాయి. పరిమితిని ఎలా చేరాలో ప్లాంట్లకే వదిలేయడం ఇందులో తెలివి. ఒకరు నీళ్ల ఒత్తిడి మార్చుకున్నారు, ఒకరు చల్లబరిచే పద్ధతి.

మీ పట్టణానికి సరిపడా ఇలా చేయండి. నెలకోసారి కబేళాలో అయిదు జీవాల మాంసం మీద, పది షాపుల్లో మొద్దు, కత్తి, చేతులు, నీళ్ల మీద దూదితో నమూనా తీయించండి. అన్నిటికీ సాల్మొనెల్లా పరీక్ష అక్కర్లేదు, ఖర్చు ఎక్కువ. మామూలు ఈ.కోలై లెక్క చాలు. అది ఎక్కువుంటే పేడ అంటిందని అర్థం, మిగతావి వచ్చే దారి తెరిచి ఉందని అర్థం. ల్యాబ్ కోసం పశువైద్య కళాశాలనో, గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబ్‌నో అడగండి. పద్ధతి నేర్చుకోవడానికి హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. నమూనాని మంచు పెట్టెలో అదేరోజు చేర్చాలి. ఎండలో బైక్ డిక్కీలో మూడు గంటలు తిరిగిన నమూనా డిక్కీ గురించి చెప్తుంది, షాపు గురించి కాదు.

ఆరో అడుగు: చల్లదనం

మన జనానికి వేడివేడిగా ఉన్న మాంసమే తాజా మాంసం. చల్లబరిచింది 'నిన్నటిది'. ఈ అలవాటుతో యుద్ధం చేయకండి, గడియారం పెట్టండి. కోసిన సమయం షాపు పలక మీద రాయాలి. కొన్ని గంటల్లో అమ్ముడుపోనిది 5 డిగ్రీల లోపు చల్లదనంలోకి పోవాలి. ఎండాకాలంలో ఆ గడువు ఇంకా తగ్గించాలి. ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉండాలి, రోజుకి రెండుసార్లు రాయాలి. కొన్ని వందల రూపాయల వస్తువు అది. రవాణాకి మూత ఉన్న, కడగడానికి వీలైన పెట్టెలు. ఆటోలో గోనె మీద పడేసిన మేక ఇక కనపడకూడదు.

ఏడో అడుగు: ఆసుపత్రి చెప్పాలి

దక్షిణాఫ్రికాలో 2017-18లో లిస్టీరియా 1,060 మందికి సోకింది, 216 మంది చనిపోయారు. ప్రపంచంలో నమోదైన వాటిలో అంత పెద్దది లేదు. మొదట్లో అక్కడ ఆ జబ్బుని తప్పనిసరిగా నమోదు చేయాలన్న నియమమే లేదు. 2017 డిసెంబర్‌లో పెట్టారు. 2018 జనవరిలో సొవెటోలోని ఒక క్రెష్ పిల్లలు జ్వరం, విరేచనాలతో ఆసుపత్రికి వస్తే, అక్కడి డాక్టర్లు అనుమానించి సమాచారం ఇచ్చారు. క్రెష్ ఫ్రిజ్‌లో దొరికిన పోలోనీ అనే సాసేజ్ రకం మాంసం నుంచి దర్యాప్తు ఫ్యాక్టరీ దాకా వెళ్లింది. ఒక్క ఫ్రిజ్!

మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) 35వ సెక్షన్ కింద ఒక ప్రాంతంలోని డాక్టర్లు ఆహారం వికటించిన కేసులన్నీ ఫలానా అధికారికి చెప్పాలని నోటిఫై చేయొచ్చు. వ్యాధుల నిఘా వ్యవస్థ 2004 నుంచి ఉంది. చేయాల్సింది పట్టణంలోని నర్సింగ్ హోముల్ని అందులోకి తేవడం. 'ఈ ఆదివారం విరేచనాలతో ఎంతమంది, ఏం తిన్నారు' అన్న రెండు గళ్లు చాలు. ఫంక్షన్ హాల్ కేసు మాత్రమే పేపర్లోకి వస్తుంది. ఇళ్లలో విడివిడిగా జరిగేది ఎవరికీ కనపడదు.

ఎనిమిదో అడుగు: మెట్ల వారీగా చర్య

ఆ ఆహార భద్రత చట్టమే మెట్లు కట్టి ఇచ్చింది. 32వ సెక్షన్ కింద ముందు సరిదిద్దుకోమని నోటీసు, కనీసం 14 రోజుల గడువుతో. మాట వినకపోతే లైసెన్సు నిలిపివేత, తర్వాత రద్దు. ప్రాణాపాయం ఉంటే 34వ సెక్షన్ కింద అత్యవసర నిషేధం. మురికి పరిస్థితుల్లో తయారుచేస్తే 56వ సెక్షన్‌లో లక్ష రూపాయల దాకా జరిమానా. ఎవరైనా చనిపోతే 65వ సెక్షన్ కింద కుటుంబానికి కనీసం 5 లక్షల పరిహారం. మెట్టు దాటేయకండి. ప్రాణాపాయం లేనప్పుడు నేరుగా తాళం వేస్తే కోర్టులో నిలవకపోవచ్చు, వీధిలో సానుభూతి వ్యాపారికే పోతుంది.

ఎలా మొదలుపెట్టాలి

పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. నాలుగే ప్రశ్నలు: గత ఏడాది కబేళాలో కోసిన జీవాలెన్ని, పశువైద్యుడు పనికిరాదన్నవి ఎన్ని? మాంసం షాపుల నుంచి తీసిన నమూనాలు ఎన్ని, ఎన్నిటికి బ్యాక్టీరియా పరీక్ష చేశారు? కబేళా నిర్వహణకి బడ్జెట్ ఎంత, ఖర్చయిందెంత? 32వ సెక్షన్ నోటీసులు ఎన్ని ఇచ్చారు? జవాబుల్లో సున్నాలు వస్తే కంగారు పడకండి, కౌన్సిల్‌లో చర్చకి సున్నాలే బాగా పనికొస్తాయి.

తర్వాత వ్యాపారుల్ని కూర్చోబెట్టండి. మున్సిపల్ ఆఫీసులో కాదు, కబేళా దగ్గరే, పని అయ్యాక పదకొండింటికి. వాళ్లకి తెలిసినవి మీకు తెలీవు. ఏ రోజు నీళ్లు రావో, ఏ కాలువ పొంగుతుందో, వ్యర్థాలు తీసుకెళ్లే బండి వారంలో ఎన్నిసార్లు ఎగ్గొడుతుందో వాళ్లే చెప్తారు.

మొదటి మూడు నెలల లెక్కలు చెత్తగా వస్తాయి. వాటిని షాపుల పేర్లతో బయట పెట్టకండి. యజమానికి అతని అంకె, ఊరి సగటు అంకె పక్కపక్కన రాసి చేతికివ్వండి. నాలుగో నెల నుంచి అంకెలు షాపు తలుపు మీద అంటించబడతాయని మొదటిరోజే చెప్పండి. ఆ మాట చెప్పిన వారంలోనే కొందరు ప్లంబర్‌ని పిలుస్తారు. పిలవని వాళ్ల దగ్గరికి అయిదో వారంలో నోటీసు లేకుండా ఒకసారి వెళ్లి, డ్రమ్ము ఎక్కడుందో చూడండి.